జీపు జీర్ణోద్ధరణ విధానం

రాజపాళయానికి పడమట కొండలూ, ఆ కొండల పాదాల వద్ద మామిడి, కొబ్బరి తోటలూ, తోటలకు పోయే దారుల్లో గుంతలూ ఉన్నంత కాలం ఆ ఊళ్లో ఎవరో ఒకరి షెడ్డులో ఒక పాత మహీంద్రా జీపు, దాని గేర్‌బాక్స్‌లో ఒక మొరాయింపు, ఆ మొరాయింపుకు విరుగుడుగా యజమాని మనసులో ఒక బృహత్ప్రణాళిక ఉండక తప్పదు. ఆంధ్ర ప్రాంతం నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడి, ఇంట్లో తెలుగూ వీధిలో తమిళమూ మాట్లాడే రాజుల కుటుంబాల్లో ఈ ప్రణాళిక తెలుగులో మొదలై, మెకానిక్ వద్ద తమిళంలో సాగి, విడిభాగాల పేర్ల దగ్గర ఇంగ్లీషులోకి మారి, ఖర్చు లెక్కకు వచ్చేసరికి ఏ భాషకూ చెందని మౌనంలో ఆగుతుంది. అటువంటి యజమానుల సౌకర్యార్థం, గేర్‌బాక్స్ మార్చకుండానే మార్చినంత శ్రమ పడటం ఎలాగో తెలిపే సూత్రాలు ఈ కింద క్రోడీకరించబడుతున్నాయి.

1. జబ్బేమిటో తేల్చుకోరాదు.

గేర్‌బాక్స్ విప్పించి చూపించుకున్న యజమానికి ప్రణాళిక మిగలదు. ఇంజను తిరిగే వేగాన్ని తగ్గించి, దానికి బదులుగా చక్రాలను తిప్పే బలాన్ని పెంచే పళ్ల చక్రాల పెట్టెయే గేర్‌బాక్స్; ఒక గేరు నుంచి మరో గేరుకు మారేటప్పుడు రెండు చక్రాల వేగాలను సమం చేసి, పళ్లు ఒరుసుకోకుండా కలిపే ఇత్తడి వలయం సింక్రో రింగు. ఈ రింగు అరిగినా, బేరింగు వదులైనా, చివరకు క్లచ్ పూర్తిగా విడిపోకపోయినా తెలియని చెవికి వినిపించేది ఒకే రకమైన గరగర శబ్దం కనుక, కారణం వెతకడం మొదలుపెడితే క్లచ్ లింకేజీ బిగింపుతోనే కథ ముగిసిపోయే ప్రమాదం ఉంది. 1953లో అమెరికాలో వెలువడి, భారతదేశంలో మహీంద్రా సంస్థ చేతుల మీదుగా దశాబ్దాల పాటు తయారైన సి.జె.3బి జీపులోని టి-90 అనే మూడు గేర్ల పెట్టెలో మొదటి గేరుకు అసలు సింక్రో రింగే లేదన్న సంగతిని మరింత గోప్యంగా ఉంచాలి. జీపు కదులుతూ ఉండగా మొదటి గేరు వేయాలంటే క్లచ్‌ను రెండుసార్లు తొక్కి, మధ్యలో కొద్దిగా ఇంజను వేగం పెంచాలి. ఆ విద్య తెలియనివాడి చేతిలో వచ్చే శబ్దం పెట్టె లోపం కాదు. అయితే నేర్చుకోవడానికి ఒక వారం పడితే, మార్చుకోవాలని అనుకోవడానికి ఒక్క క్షణం చాలు.

2. అవసరాన్ని వాడకం నుంచి కాక, ఊహ నుంచి నిర్ణయించాలి.

జీపు నిజంగా వెళ్లే దారులు తోటకు ఒకటి, మదురై వైపు నుంచి శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం, తెన్‌కాశిల మీదుగా కొల్లం పోయే 744వ జాతీయ రహదారి మరొకటి. ప్రణాళికలో మాత్రం లడఖ్ కనుమలు తప్ప మరేవీ కనిపించరాదు. కళ్లెదుటి కొండలే చాలవా అని అడిగేవారికి చెప్పవలసిన సమాధానం సిద్ధంగానే ఉంది: అవి 1988లో ఏర్పడిన శ్రీవిల్లిపుత్తూరు బూడిదరంగు పెద్ద ఉడుతల అభయారణ్యానికీ, దాన్ని కలుపుకొని 2021లో ప్రకటితమైన శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యానికీ చెందినవి కనుక, నాలుగు చక్రాలకూ శక్తి అందే వాహనం ఉన్నంత మాత్రాన అక్కడికి ఎవరూ తోచినట్టు ఎక్కిపోలేరు.

ఈ సందర్భంలో ఒక లెక్కను దాచడం మంచిది. గేర్‌బాక్స్‌లోని మొదటి గేరు నిష్పత్తిని, ఆ శక్తిని ముందు వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులోని లో గేరు నిష్పత్తితోనూ, ఇరుసు మధ్యనుండే క్రౌన్-పినియన్ నిష్పత్తితోనూ గుణిస్తే వచ్చే అంకె, చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజను ఎన్ని చుట్లు తిరగాలో చెబుతుంది. సి.జె.3బిలో ఆ మూడూ వరుసగా 2.798, 2.46, 5.38 కనుక లబ్ధం సుమారు 37. ఇంజను నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుంటే, 28 అంగుళాల ఎత్తున్న టైరు మీద జీపు గంటకు సుమారు మూడున్నర కిలోమీటర్లే కదులుతుంది. పక్కన నడిచే మనిషి దాన్ని దాటిపోతాడు. తోటలోని ఏ రాయినైనా ఎక్కడానికి ఇది చాలినదానికంటే ఎక్కువే కనుక, ఈ గుణకారం ఒకసారి చేసిన యజమాని మళ్లీ ప్రణాళిక ముఖం చూడడు.

3. పెట్టెలను వరుసగా కాక, గుండ్రంగా పోల్చాలి.

పాత మూడు గేర్ల టి-90ను తిరిగి బాగుచేయించడం, ఎం.ఎం.540 జీపుల్లో వచ్చిన నాలుగు గేర్ల కె.ఎం.టి.90ను తేవడం, ప్యూజో సంప్రదాయానికి చెందిన ఐదు గేర్ల బి.ఎ.10ను వెతకడం, స్కార్పియో లేదా 2010 నాటి థార్ తరానికి చెందిన ఐదు గేర్ల పెట్టెను అమర్చడం అనే నాలుగు మార్గాలు ఉన్నాయి. మొదటిదాన్ని బలం చాలదని రెండోదానితోనూ, రెండోదాన్ని రహదారి మీద ఇంజనుకు విశ్రాంతినిచ్చే ఐదో గేరు లేదని మూడోదానితోనూ, మూడోదాన్ని మంచి స్థితిలో దొరకదని నాలుగోదానితోనూ, నాలుగోదాన్ని పాత చాసిస్‌లో సరిగా కూర్చోదని మొదటిదానితోనూ పోల్చాలి. ఈ పద్ధతిలో ప్రతి పెట్టె ఒకసారి గెలిచి ఒకసారి ఓడుతుంది కనుక, ఎవరికీ అన్యాయం జరగదు. ఏ పెట్టే ఇంటికి రాదు.

4. ఒక్క భాగం మాత్రమే మార్చి ఊరుకోవచ్చునని గట్టిగా నమ్మాలి.

ఈ సూత్రానికి కొంత వ్యాఖ్యానం అవసరం, ఎందుకంటే మిగిలిన సూత్రాలన్నీ దీని మీదనే నిలబడి ఉన్నాయి. జీపులోని బలహీనత తీసివేయదగినది కాదు. అది ఒక భాగం నుంచి మరో భాగానికి బదిలీ అవుతుంది.

సి.జె.3బి ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 80 అంగుళాలు మాత్రమే. ఐదు గేర్ల పెట్టె పాతదానికంటే పొడవైనది కావడంతో దాని వెనుకనున్న ట్రాన్స్‌ఫర్ కేసు మరికొంత వెనక్కి జరుగుతుంది. అప్పుడు ముందు ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడుగై, వెనుకది కురచై, కురచైనందువల్ల దాని వాలు ఎక్కువై, ఆ వాలును భరించే క్రాస్ అనే కీలు త్వరగా అరిగిపోతుంది. కొత్త పెట్టె ముందు మూతి పాత ఇంజను బెల్ హౌసింగ్‌కు అమరదు కనుక లేత్ మీద ఒక అడాప్టర్ పలక చేయించాలి. ఆ పలక కేంద్రం వెంట్రుకవాసి తప్పినా క్లచ్ ప్లేటు, దాని వెనుక బేరింగు ఆ తప్పుకు మూల్యం చెల్లిస్తాయి. పాత ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి షాఫ్టులు బయలుదేరేది మధ్యనుంచి కాక ఒక పక్కనుంచి కనుక, కొత్త తరం కేసు పెడితే వెనుక ఇరుసు కూడా దానికి తగినదే కావాలి. ఇంత చేశాక పాత టైర్లు చిన్నవిగా కనిపించడం సహజం. 28 అంగుళాల టైరు స్థానంలో 31 అంగుళాలది వేస్తే, ఒక చుట్టుకు జీపు పోయే దూరం పెరిగి, 5.38గా ఉన్న క్రౌన్-పినియన్ నిష్పత్తి 4.86గా ఉన్నట్టు ప్రవర్తిస్తుంది, అంటే చక్రాలకు అందే బలంలో సుమారు పదో వంతును కొత్త టైరు తినేస్తుంది. స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపడం మొదలుపెడుతుంది. తిన్న బలాన్ని తిరిగి రాబట్టడానికి క్రౌన్-పినియన్, బరువైన టైరును తిప్పడానికి గట్టి యాక్సిల్ షాఫ్టులు, దాన్ని ఆపడానికి డ్రమ్ముల బదులు డిస్క్ బ్రేకులు, దాన్ని మలుపు తిప్పడానికి పవర్ స్టీరింగు, ఆ పవర్ స్టీరింగు పంపును నడపడానికి ఇంకొంత శక్తిగల ఇంజను కావాలి. గోచీని ఎలుకలు కొరకకుండా పిల్లినీ, పిల్లికి పాలకోసం ఆవునూ, ఆవును మేపడానికి ఇల్లాలినీ తెచ్చుకున్న సన్యాసి ఏ దారిన సంసారి అయ్యాడో, గేర్‌బాక్స్ కోసం బయలుదేరిన యజమాని అదే దారిన కొత్త వాహనానికి చేరుకుంటాడు. కాకపోతే దాని మీద పాత నంబరు ఉంటుంది.

వ్యంగ్యాన్ని కాసేపు పక్కనపెట్టి చూస్తే, పాత జీపు ఇన్నేళ్లు మన్నడానికి కారణం దాని భాగాల అపార బలం కాదు, వాటి మధ్యనున్న ఒప్పందం. ఇంజను శక్తి తక్కువ కనుక గేర్‌బాక్స్ నిలిచింది, టైరు చిన్నది కనుక ఇరుసు నిలిచింది, వేగం లేదు కనుక డ్రమ్ము బ్రేకులు సరిపోయాయి. ఒక భాగాన్ని మిగిలినవాటికంటే గొప్పదిగా చేసినవాడు ఆ ఒప్పందాన్ని రద్దు చేసినట్టే; అందువల్ల ఏది మార్చాలన్న ప్రశ్నకంటే ఎక్కడ ఆగాలన్న ప్రశ్న కష్టమైనది, దానికి జవాబు ఏ మెకానిక్ వద్దా అమ్మకానికి దొరకదు.

5. చెన్నై పుదుప్పేట్టై పాత విడిభాగాల బజారుకు ఒకసారి వెళ్లి రావాలి. వెతికింది దొరకకపోయినా, వెతకనిది తప్పక దొరుకుతుంది.

6. చట్టాన్ని చివర చదవాలి.

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాటను గట్టిగా చెప్పింది. ఆర్.సి.లో ఇంజను నంబరు, చాసిస్ నంబరు, ఇంజను ఘనపరిమాణం వంటివి ఉంటాయి గాని గేర్‌బాక్స్‌కు అందులో గడి లేదన్న ధైర్యంతో పని మొదలుపెట్టిన యజమాని, నాలుగో సూత్రం పుణ్యమా అని ఇంజను వద్దకు చేరుకున్నాకనే ఈ సెక్షన్‌ను తెరుస్తాడు. వాహనం ముందు బిగించే ఇనుప కమ్మీలపై చర్య తీసుకోవాలని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ రాష్ట్రాలకు రాసిన విషయం అప్పటికి ఆ కమ్మీలకు రంగు కూడా వేయించినవారికి తెలుస్తుంది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. అప్పట్లో ప్రణాళిక ఖర్చులో కచ్చితంగా తెలిసిన అంకె అదొక్కటే.

7. ఇంట్లో "ఒక్కసారి చేయిస్తే ఇక చూసుకోనక్కర్లేదు" అనే వాక్యాన్ని ఏడాదికి ఒకసారికి మించి వాడరాదు.

8. ప్రయాణానికి తోడుగా రాజపాళయం జాతి కుక్కను ఎంచుకోవాలి. తెల్లని ఒళ్లు, గులాబీరంగు ముక్కు గల ఈ జాతిలో కొన్ని పుట్టు చెవిటివి కనుక, గేర్ల మోతను గురించి వ్యాఖ్యానించని ప్రయాణికుడు దొరికే అవకాశం ఇక్కడే ఎక్కువ.

9. నిర్ణయం దగ్గర పడుతున్నట్టు అనుమానం వస్తే వెంటనే కొత్త సమాచారం సేకరించాలి.

ఈ సూత్రం వెనుక ఉన్న సంగతి నవ్వదగినది కాదు. బాగైన జీపు ప్రయాణాన్ని అడుగుతుంది. ప్రయాణం తీరికను, తోటివారిని, కమాన్ పట్టీల కుదుపును తట్టుకునే నడుమును అడుగుతుంది. ఇవి మూడూ ఒక వయసు దాటాక ఒకేసారి కలిసిరావు. బాగుకాని జీపు ఏమీ అడగదు. పైగా కొండలెక్కే మనిషిగా ఇంకా మిగిలి ఉన్నాననే నమ్మకాన్ని యజమానికి ఇస్తుంది. గేర్‌బాక్స్ ఎంపిక ఏళ్ల తరబడి సాగేది పెట్టెల మధ్య తేడా అంత సూక్ష్మమైనందువల్ల కాదు, ఎంపిక ముగిసిన రోజున ఆ నమ్మకానికి పరీక్ష మొదలవుతుంది కనుక. ఈ అలవాటు జీపులున్నవారికే పరిమితమని భావించేవారు తమ ఇళ్లలో తెరవని సంగీత వాద్యాలను, సగంలో ఆగిన మేడల నమూనాలను ఒకసారి చూసుకోవచ్చు.

10. అన్ని జాగ్రత్తలూ విఫలమైనప్పుడు చేయవలసినది.

పాత పెట్టెను దింపించి, బేరింగులు, సింక్రో రింగులు, ఆయిల్ సీళ్లు కొత్తవి వేయించి, ఇత్తడి రింగులకు హాని చేయని జి.ఎల్.4 తరగతి గేర్ ఆయిల్ పోయించాలి. ఘాటైన రసాయనాలు ఎక్కువగా కలిసే జి.ఎల్.5 నూనె డిఫరెన్షియల్‌కు మేలు చేసినా ఆ ఇత్తడిని కొరుకుతుందన్నది పాత పనివారి జాగ్రత్త. క్రాసులు, క్లచ్ ప్లేటు అదే పనిలో చూపించుకోవాలి. ఈ విధంగా చేస్తే జీపు అదే చాసిస్‌తో, అదే ఇంజనుతో, అదే ఆర్.సి.తో మళ్లీ తోటకు పోయి వస్తుంది. ఏళ్ల ప్రణాళిక ఇంత తేలికగా ముగిసిపోవడం కొందరికి దుర్భరంగా తోచవచ్చు. అటువంటివారు నిరాశపడనవసరం లేదు, తోటలో జీపు దిగి ఒకసారి కిందికి వంగి, టైర్లు ఇంకొక మూడంగుళాలు పెద్దవైతే బాగుండేదేమోనని అనుకుంటే సరిపోతుంది.