మూడేసి, నాలుగేసి

సౌతాంప్టన్ పక్కనే న్యూ ఫారెస్ట్ ఉంది. పేరుకే ఫారెస్టు; చాలాచోట్ల చెట్టన్నదే కనబడదు. మోకాలెత్తు పొదలు, మధ్యలో మేసే గుర్రాలు. ఆగస్టులో ఆ బీడంతా ఊదారంగే. నా కంటికి అంతా ఒకటే పొద. ఆఫీసులో ఒకాయన "అందులో మూడు రకాలుంటాయి, తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. "అయితే శనివారం మా పిల్లలకి చూపించు" అన్నాడు.

భూతద్దం కొన్నాను. అమలాపురం నుంచి వచ్చిన అమ్మని వెంటబెట్టుకుని, శుక్రవారం సాయంత్రమే రిహార్సల్‌కి వెళ్లాను.

ముందు ఆకులు లెక్కపెట్టాలిట. బోర్లా పడుకుని అద్దంలో చూస్తే నా కనురెప్పే కనబడింది. అమ్మ నిలబడే కాస్త వంగి, "కణుపుకి మూడేసి ఉన్నాయిరా, మారేడు దళంలా" అంది. అది బెల్ హెదర్. ముదురు ఊదా పూలు, మెడ నొక్కిన బుల్లి కుండల్లా ఉన్నాయి. పల్లంలో, చెప్పులు దిగబడే చోట, "ఇక్కడ నాలుగేసి. నూగు కూడా ఉంది" అంది. అది క్రాస్-లీవ్డ్ హీత్. దానికి తడి నేలంటే ప్రాణం. లేత గులాబీ పూలన్నీ కొమ్మ చివర ఒకే గుత్తిగా తలలు వంచుకున్నాయి.

మిగిలింది అసలు హెదర్, కల్లూనా వల్గారిస్. దాని ఆకులు ఆకుల్లా ఉండవు. నాలుగు వరసల్లో, జడ అల్లినట్టు కొమ్మకి అతుక్కున్న పొలుసులు. పువ్వు మరీ మోసం. బడిలో మందారం బొమ్మ గీసి మార్కులు కొట్టినవాణ్ని: ఆకుపచ్చవి రక్షక పత్రాలు, రంగువి ఆకర్షణ పత్రాలు. ఇక్కడ రక్షక పత్రాలే గులాబీ రంగేసుకుని, పొడుగ్గా ఎదిగి, ఆకర్షణ పత్రాలని లోపల దాచేశాయి. పెళ్లిలో పెళ్లికూతురికి అడ్డంగా ప్రతి ఫోటోలోనూ పడే మేనత్తలాగ. మొక్కలకి శాస్త్రీయనామాలు పెట్టిన లిన్నేయస్ అంతటివాడే 1753లో దీన్నీ ఆ మొదటి రెండూ ఉండే ఎరికా ప్రజాతిలో కలిపేశాడు, తర్వాతివాళ్లు విడదీశారు. నాకు కాస్త ధైర్యమొచ్చింది.

అమ్మ మాత్రం కొమ్మని అటూ ఇటూ వంచి, "చీపురుకి బావుంటుంది. కాకపోతే పొట్టి, నడుం పడిపోద్ది" అంది. నేను పుస్తకం తిరగేశాను. కల్లూనా అన్న మాటే ఊడ్చి శుభ్రం చేయడమనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిందిట. పూర్వం ఇక్కడివాళ్లు దీంతో చీపుళ్లే కట్టేవారట.

శనివారం పిల్లలకి అమ్మే చూపించింది, అచ్చ తెలుగులో. మొదటిదానికి మూడు వేళ్లు, రెండోదానికి నాలుగు. మూడోదానికి వంగి నేల ఊడ్చింది. నేను భూతద్దం మోశాను.