మ్యూనిక్‌లో చట్టం, మాదాపూర్‌లో మమకారం

బహుళజాతి కంపెనీకి వికలాంగుల మీద ప్రేమ పుట్టే రోజు క్యాలెండర్‌లో ముందే ఖాయమై ఉంటుంది: అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవమైన డిసెంబరు 3. ఆ రోజు దేశదేశాల కార్పొరేట్ మేడల మీద ఊదారంగు దీపాలు వెలుగుతాయి, పెద్దసారు వీడియోలో గద్గద స్వరంతో మాట్లాడతారు, కేకు కోస్తారు, ఆనక ‘సమ్మిళిత వ్యూహం’ పేరుతో దళసరి పీడీఎఫ్ ఒకటి విడుదలవుతుంది. అందులో సానుభూతి, సంస్కృతి, సుదీర్ఘ ప్రయాణం అన్నీ ఉంటాయి. ఎంతమందికి ఉద్యోగమిస్తారో, ఏ ఏడాదిలోగా ఇస్తారో, ఇవ్వకపోతే ఎవరి బోనస్ తెగుతుందో మాత్రం ఉండదు. అమ్మకాల వ్యూహాన్ని ఎవరైనా ఇదే ధోరణిలో రాస్తే, రాసినవాడి ఐడీ కార్డు సాయంత్రానికల్లా గేటు దగ్గర లాక్కుంటారు.

అంతమాత్రాన ఈ కంపెనీలకు లెక్కలు రావనుకుంటే పొరపాటు. దేశం మారితే భేషుగ్గా వస్తాయి. జర్మనీలో 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ 5 శాతం కొలువులు తీవ్ర వైకల్యం ఉన్నవారికి ఇవ్వాలి. ఇవ్వకపోతే తక్కువపడిన ఒక్కో సీటుకు నెలనెలా సొమ్ము కట్టాలి. 2024లో ఆ రేటు 140 యూరోల దగ్గర మొదలైంది. ఒక్కరినైనా పెట్టుకోని పెద్ద సంస్థకైతే 720. ఫ్రాన్సులో వాటా 6 శాతం. జపాన్ 2024 ఏప్రిల్‌లో తన వాటాను 2.5 శాతానికి పెంచింది. అంటే మ్యూనిక్‌లో ఈ వ్యవహారం జీతాల విభాగం చూసే జమాఖర్చు. మాదాపూర్‌కు వచ్చేసరికి అదే వ్యవహారం ముగ్గుల పోటీలు నడిపే కమిటీ చేతికి పోతుంది. కంపెనీ ఒకటే, లోగో ఒకటే, వెబ్‌సైటులో రాసుకున్న విలువలూ అవే. ఏ ఎండకా గొడుగు పట్టడంలో మాత్రం ఆరితేరినవారు.

మన దగ్గర ఎండ లేకపోలేదు, కాస్త మబ్బు పట్టింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం తప్పనిసరి చేసింది. ప్రైవేటు రంగం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించింది: సిబ్బందిలో కనీసం 5 శాతం వికలాంగులు ఉండేలా ప్రభుత్వాలు ‘తమ ఆర్థిక స్తోమతకు లోబడి’ ప్రోత్సాహకాలు ఇవ్వాలని 35వ సెక్షన్ అంటుంది. 21వ సెక్షన్ ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలంటుంది. ప్రకటించడానికి ఖర్చేముంది, పీడీఎఫ్ సిద్ధంగానే ఉంది! చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి జరిమానా గరిష్ఠంగా 10 వేల రూపాయలు. డిసెంబరు 3 నాటి కేకుల బిల్లు అంతకంటే ఎక్కువే అవుతుంది. షేర్ మార్కెట్లో నమోదైన మొదటి వెయ్యి కంపెనీలు తమ దగ్గర ఎంతమంది వికలాంగులు పనిచేస్తున్నారో ఏటా చెప్పాలని సెబీ నిబంధన పెట్టింది. అయితే విదేశీ కంపెనీలు హైదరాబాద్‌లో తెరిచిన గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు (జీసీసీలు) సాధారణంగా మన మార్కెట్లో నమోదు కాని అనుబంధ సంస్థలు. ఆ నిబంధన వాటి గుమ్మం దాకా రాదు. రికార్డులు ఉంచుకోవాలని చట్టం చెబుతుంది గనుక లెక్క బీరువాలో ఉంటుంది, వ్యూహం వెబ్‌సైటులో ఉంటుంది.

ఇక్కడ హెచ్‌ఆర్ వారు ఒక అభ్యంతరం లేవదీస్తారు: మాకు మనసుంది, అర్హులే దొరకడం లేదు. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. చట్టం గుర్తించే వైకల్యాలు 2016లో ఏడు నుంచి 21కి పెరిగాయి కాబట్టి ఈ రోజున అసలు సంఖ్య ఇంకా పెద్దదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ప్రతి ఆరుగురిలో ఒకరికి గణనీయమైన వైకల్యం ఉంది. సరుకు అమ్మాల్సినప్పుడు ఈ జనమంతా ‘మహా మార్కెట్’. ఉద్యోగం ఇవ్వాల్సినప్పుడు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా కనపడరు. ఎలా కనపడతారు? దరఖాస్తు పేజీలోని మీటలకు పేర్లు పెట్టకపోతే స్క్రీన్ రీడర్ ‘బటన్, బటన్, బటన్’ అని జపం చేస్తుంది తప్ప ఏది నొక్కాలో చూపులేని అభ్యర్థికి చెప్పలేదు. వినికిడి లేనివారికి మొదటి వడపోత ఫోన్ ఇంటర్వ్యూ. మాటలు కోటలు దాటుతుంటే చక్రాల కుర్చీ గడప దాటలేక బయటే ఉంటుంది.

ఖర్చు ఎక్కువన్నది రెండో అభ్యంతరం. ఉద్యోగులకు చేసే సర్దుబాట్ల మీద అమెరికాలోని జాబ్ అకామడేషన్ నెట్‌వర్క్ ఏళ్ల తరబడి యాజమాన్యాలనే అడుగుతోంది. సగానికి పైగా సర్దుబాట్లకు పైసా ఖర్చు కాలేదని వారే చెబుతున్నారు. పనివేళలు కాస్త అటూ ఇటూ జరపడానికి టెండర్లు పిలవక్కర్లేదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. దాన్ని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వేయడానికి భద్రతా విభాగం ఇవ్వాల్సిన అనుమతే ఖరీదైనది.

మూడో అభ్యంతరం కాస్త బరువైనది: మనసు మారకుండా అంకె పెడితే కంపెనీలు తలలు లెక్కపెట్టి ఊరుకుంటాయి, మూలన కుర్చీ వేసి జీతం పడేస్తాయి. ఇందులో నిజముంది. జర్మనీలోనూ మనిషిని పెట్టుకోవడం కంటే డబ్బు కట్టడమే సుఖమనుకునే సంస్థలున్నాయి. కాబట్టి ఎంతమంది చేరారో అడిగి వదిలేయకుండా, ఎంతమంది నిలిచారు, ఎంతమందికి పదోన్నతి వచ్చింది అనీ అడగాలి. లొసుగున్న అంకెకు మందు మరో అంకె. అంకెలే లేకపోవడం కాదు. మనసు మారేదాకా ఆగితే ఏమవుతుందో సుప్రీంకోర్టు సాక్షిగా తెలిసింది. భవనాలు, రవాణా అందుబాటు మీద హక్కుల కార్యకర్త రాజీవ్ రతూరి 2005లో పిటిషన్ వేశారు. హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయం వైకల్య అధ్యయన కేంద్రం నివేదిక తెప్పించుకుని కోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పింది: తప్పనిసరి కావాల్సిన ప్రమాణాలను ఉత్త సిఫార్సులుగా మార్చిన, దివ్యాంగుల హక్కుల చట్టం కింది నియమాల్లోని 15వ నిబంధన చెల్లదు, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు తేవాలి. సర్కారు దగ్గరే సిఫార్సుల గతి అదైతే, కంపెనీ వారి పీడీఎఫ్ గతి వేరే చెప్పాలా?

కనుక వ్యూహరచన బాధ్యతను కంపెనీలకు తగ్గించి, జీసీసీల కోసం పోటీపడి రాయితీలు కురిపిస్తున్న రెండు తెలుగు ప్రభుత్వాలకు కొంత పంచాలి. ప్రోత్సాహకం ఇవ్వమన్న 35వ సెక్షన్ చేతిలోనే ఉంది, ఇచ్చే ప్రోత్సాహకాలూ చేతిలోనే ఉన్నాయి; రెంటికీ ముడి వేయడమే మిగిలింది. రాయితీల్లో ఒక వాటాను 5 శాతానికి కట్టండి. ఎంతమంది చేరారు, నిలిచారు, ఎదిగారు అనే మూడు అంకెలు ఏటా బయటపెట్టినవారికే ఆ వాటా విడుదల చేయండి. వ్యూహం అప్పుడు ముగ్గుల కమిటీని వదిలి ఫైనాన్స్ విభాగానికి నడిచి వెళుతుంది. అక్కడివారు గద్గద స్వరంతో మాట్లాడరు, గడువు తేదీ మాత్రం మర్చిపోరు.