పద్దెనిమిది అంగుళాల సీటు

నన్ను ఎవరూ కోరి తెచ్చుకోలేదు. శిబిరంలో షామియానా కింద మడిచి వరసగా నిలబెట్టిన చక్రాల కుర్చీల్లో నేనొకదాన్ని. పేరు పిలిచారు. ఇద్దరు ఆయన్ని ఎత్తుకొచ్చి నాలో కూర్చోబెట్టారు. ఒకరు దండ వేశారు, ఇంకొకరు ఫోటో తీశారు. ఆ ఫోటో జాగ్రత్తగా చూస్తే ఆయన తొడలకూ నా పక్క రేకులకూ మధ్య రెండు వైపులా రెండేసి అంగుళాల సందు కనిపిస్తుంది. నా సీటు పద్దెనిమిది అంగుళాలు. నడుము కింద కండ కరిగిపోయిన ఆ మనిషికి పద్నాలుగు, పదిహేను చాలు. ఇన్ని కుర్చీలు పంచాం అన్న లెక్క ఇచ్చినవాళ్లకు కావాలి. ఎవరి ఒంటికి ఏ కుర్చీ అన్నది ఎవరికీ పట్టలేదు.

ఆయనది బేతంచెర్ల పక్క పల్లె. ఇప్పుడు నంద్యాల జిల్లా, పాత లెక్కలో కర్నూలు. నాపరాయి గనిలో కూలి, పొరలు పొరలుగా బండలు లేపే పని. పైన మట్టి అంచు విరిగి గనిలోకి పడ్డాడు. నడుముకు కాస్త పైన, పన్నెండో వీపుపూస దగ్గర వెన్నుపాము నలిగిపోయింది. అప్పటికి నేను లేను. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ కథ చెప్పగా విని విని నాకు కంఠతా వచ్చింది. తోటి కూలీలు ఇద్దరు చేతులు, ఇద్దరు కాళ్లు పట్టుకుని పైకి మోశారు. ఆటోలో కాళ్లు ముడిచి పడుకోబెట్టారు. ప్రాణం పెట్టి చేశారు. విరిగిన వెన్ను వంగితే లోపలి నరాలు ఇంకా నలుగుతాయని మాత్రం వాళ్లకు తెలీదు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 బండ్లు మొదలయ్యాయి. వాటిలో మెడపట్టీ, మనిషిని కదలకుండా కట్టే గట్టి పలక ఉంటాయి. ఫోన్ చేసి ఆగి ఉంటే ఏమయ్యేదో అన్న ప్రశ్న ఆయన ఎప్పుడూ వేయడు. తమ్ముడే తాగిన రాత్రుల్లో వేస్తాడు.

నా వంశం కూడా గనిలోనే మొదలైంది. హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే గనుల ఇంజనీరు 1918లో గని ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడక పోగొట్టుకున్నాడు. అప్పటి చక్రాల కుర్చీలు భారీగా ఉండేవి, కారులో పట్టేవి కావు. ఆయన, స్నేహితుడు హ్యారీ జెన్నింగ్స్ కలిసి 1933లో లాస్ ఏంజెలెస్‌లో ఉక్కు గొట్టాలతో మడత కుర్చీ చేశారు. సీటు కింద ఇంటూ గుర్తు ఆకారంలో రెండు గొట్టాలు, నడిమధ్య ఒక బోల్టు. నా కడుపు కింద ఈనాటికీ అదే. తొంభై ఏళ్లు దాటినా శిబిరాల్లో పంచేది ఇంచుమించు ఆ నమూనానే. కారు వెనక డిక్కీలో పట్టడానికి పుట్టిన ఒళ్లు నాది. మా ఊరి సందుల్లో ముందు చిన్న చక్రాలకు గులకరాయి తగిలితే చాలు, నేను ఆగిపోతాను, కూర్చున్న మనిషి ముందుకు తూలుతాడు. అందుకే మొదట్లో నా మీద ఆయన కంటే ఉల్లిగడ్డల బస్తా ఎక్కువసేపు కూర్చుంది.

కూర్చోవడం మొదలైన కొన్నాళ్లకే పుండు పడింది. దిండు లేదు, ఉత్త రెక్సిన్ గుడ్డ. మామూలు మనిషి కూర్చున్నచోట తెలియకుండానే అటూ ఇటూ కదులుతాడు. కదలమని ఒళ్లు చెబుతుంది. ఆయన ఒళ్లు ఆ మాట పైకి పంపలేదు. పిర్ర ఎముక కింద చర్మానికి నెత్తురు ఆగిపోయి, లోపల్లోపల కుళ్లి, భార్య పంచె మీద మరక చూసేసరికి వేలు దూరేంత గుంత పడి ఉంది.

మా సీమలో పెద్ద కష్టమొస్తే వేలూరు ఆసుపత్రి అంటారు. కర్నూలులో ఎక్కిన 40వ నంబరు జాతీయ రహదారి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప, రాయచోటి, చిత్తూరు దాటుకుని రాణిపేటలో దింపుతుంది. అక్కణ్ణించి వేలూరు ఎంతో దూరం లేదు. నన్ను జీపు టాపు మీద తాళ్లతో కట్టారు.

అక్కడ బాగాయంలో వెన్ను విరిగినవాళ్ల కోసం 1966లో తెరిచిన పునరావాస సంస్థ ఉంది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ స్వయంగా చక్రాల కుర్చీ మనిషి. 1954 జనవరిలో కారు ప్రమాదంలో ఆమె వెన్ను దెబ్బతింది. కాళ్లు లేవవు, అయితే చేతులు బాగున్నాయి. సర్జన్ పాల్ బ్రాండ్ ప్రోత్సాహంతో కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల వంకర వేళ్లకు ఆపరేషన్లు చేసింది. తర్వాత న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం చదివి వచ్చి ఈ పని మొదలుపెట్టింది. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. నా జాతి కుర్చీలకు పద్మశ్రీలో వాటా ఉందని నేను అనుకుంటూ ఉంటాను, ఎవరూ ఒప్పుకోరు.

అక్కడ ఫిజియోథెరపీ పిల్ల ఒకతి నన్ను చూసి నవ్వింది. టేపు తీసి ముందు ఆయన్ని కొలిచింది, తర్వాత నన్ను. పక్కల చెక్క ముక్కలు, వాటికి స్పాంజి బిగించారు. జోలెగా వేలాడే సీటు మీద పలక, పలక మీద మందపాటి దిండు. తొడలు సమంగా ఆనేట్టు పాదాల రేకులు పైకి జరిపారు. నేను పంచిపెట్టిన సామానుగా వెళ్లి వైద్యంగా తిరిగొచ్చాను. దానికి పెద్ద ఖర్చేమీ కాలేదు, కొలత తీసే మనిషి కావలసి వచ్చింది, అంతే.

పుండు మానడానికి పట్టిన కాలమంతా ఆయనకు చదువు. పావుగంటకోసారి నా చేతుల మీద అరచేతులు నొక్కి ఒళ్లు పైకి లేపాలి. రాత్రి రెండు గంటలకోసారి పక్క మారాలి. పొద్దున, రాత్రి చేతి అద్దంతో వీపు, పిర్రలు చూసుకోవాలి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి తనే పైపు వేసుకుని మూత్రం తీసేసుకోవాలి. ఇందులో గొప్ప మందేమీ లేదు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ వెన్ను విరిగిన సైనికుల వార్డు తెరిచేనాటికి అలాంటి వాళ్లు చాలామంది పుండ్లతో, మూత్రం చెడి చనిపోయేవాళ్లు. రాత్రి పగలు రెండు గంటలకోసారి తిప్పండి అని గుట్‌మన్ పట్టుబట్టాడు. 1948లో 16 మందితో అక్కడే విలువిద్య పోటీ పెట్టాడు, అదే పెరిగి పారాలింపిక్స్ అయింది. పైపు సంగతి ఇంకా తర్వాతది. ప్రతిసారీ ఆసుపత్రి పద్ధతిలో క్రిములు చంపిన సరంజామా అక్కర్లేదు, కడిగిన చేతులు, శుభ్రమైన పైపు చాలునని అమెరికా డాక్టర్ జాక్ లాపిడెస్ 1972లో చెప్పాడు. నీళ్లకు కటకటలాడే పల్లెలో ఒక మనిషి కిడ్నీలు నిలబడ్డాయంటే ఆ మాట వల్లే. పరిశోధన అనగానే జనం రోబోల గురించి అడుగుతారు గానీ నేను చూసిన పరిశోధన సబ్బు, అద్దం, గడియారం.

ఇంటికి తిరిగొచ్చాక అసలు గొడవ గడపతో వచ్చింది. పాతకాలం మిద్దె. శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టే గడప. తమ్ముడు రంపం తెచ్చాడు. వాళ్లమ్మ అడ్డంగా కూర్చుంది.

"నేను సచ్చినాంక కోసుకోండి. లచ్చిందేవి తొక్కే గడపరా అది."

"లచ్చిందేవికి కాళ్లుండాయమ్మా, అన్నకు ల్యావు," అన్నాడు వాడు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు.

చివరికి ఆయనే తేల్చాడు. "కోయద్దులేరా. లోపలికి పలకేద్దాం, బయటికి వాలు కట్టుకుందాం. గడప చివర్లు ఖాళీగా ఉంటాయి, అమ్మ బొట్లు ఆడ పెట్టుకుంటది." అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలని వేలూరులో నేర్పారు. వాకిలి మొత్తం కలిపినా అంత లేదు. అరుగు వెంబడి మలుపు తిప్పి కట్టారు. పాలిష్ ఫ్యాక్టరీ బయట పారేసిన బండ ముక్కలే పరిచారు. తడిస్తే జారుతుందని వాటి మీద ఉలితో గాట్లు కొట్టారు. కొట్టింది ఎవరనుకున్నారు? ఆయన్ని చేతులూ కాళ్లూ పట్టి గనిలోంచి మోసుకొచ్చిన ఆ నలుగురే. ఒక్కో గాటు కొట్టి నన్ను ఎక్కించి దించి చూశారు. అంత శ్రద్ధ నాకు తయారైన ఫ్యాక్టరీలో కూడా దొరకలేదు.

తర్వాత ఆయన పక్క చక్రాలు బిగించిన పాత స్కూటీ కొన్నాడు. వెనక నన్ను కట్టుకుని తనలాంటివాళ్ల ఇళ్లకు తిరగడం మొదలుపెట్టాడు. ఎవరికో ఎవరో నంబరు ఇస్తారు, ఫోన్ వస్తుంది. 1969లో అనంతపురంలో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అటు పల్లెల్లో వికలాంగుల సంఘాలు పెట్టించింది. ఆ వైపు చుట్టం ఒకాయన వాటి సంగతి చెబితే మావాళ్లూ నెలకోసారి ఒకచోట చేరసాగారు. చింతచెట్టు మీంచి పడ్డవాళ్లు, మిద్దె మీంచి పడ్డవాళ్లు, లారీ కింద పడ్డవాళ్లు. ప్రపంచంలో వెన్నుపాము దెబ్బతో బతుకుతున్నవాళ్లు కోటిన్నర మందికి పైనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది. మా సమావేశం జరగాలంటే ముందు ర్యాంపు ఉన్న కల్యాణమండపం వెతకాలి. అదొక పెద్ద పరిశోధన.

మైదుకూరు దగ్గర ఒక పిల్లోడు. ఎండాకాలం బావిలోకి తలకిందులుగా దూకాడు, నీళ్లు అడుక్కి పోయి ఉన్నాయి. మెడ. మేము వెళ్లేసరికి మే నెల, రేకుల ఇల్లు. పిల్లోడి ఒళ్లు పెనంలా కాలుతోంది. తల్లి దుప్పటి కప్పి ఉంచింది.

"మాత్రలు ఏస్తానే ఉండాన్నా, జొరం తగ్గల్యా."

"జొరం కాదమ్మా. మెడ కింద వానికి చెమట పట్టదు. దుప్పటి తీసెయ్. తడిగుడ్డ కప్పు, ఫ్యాను ఇట్ల తిప్పు."

గంటలో పిల్లోడు కళ్లు తెరిచి నీళ్లడిగాడు. పోతూ పోతూ ఆయన ఇంకో మాట చెప్పాడు. తల పగిలిపోయేట్టు నొప్పొచ్చి మొహం ఎర్రబడితే తలనొప్పి మాత్ర వేయొద్దు. ముందు లేపి కూర్చోబెట్టు, పైపు మడతపడి మూత్రం ఆగిందేమో చూడు, తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి పో. మెడ దెబ్బవాళ్లలో అలా బీపీ ఒక్కసారిగా ఎగబాకితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ తల్లికి అంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆమె బొగ్గు ముక్కతో గోడ మీద రాసుకుంది.

2024 జూలై 1 నుంచి వికలాంగుల పింఛను 6,000 అయింది. మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవాళ్లకు 15,000. పైపులకు, దిండ్లకు, స్కూటీ పెట్రోలుకు ఆ డబ్బు ఎంత అక్కరకొచ్చిందో నాకు తెలుసు. 2025లో డాక్టర్లు ఇళ్లకొచ్చి మళ్లీ పరీక్షించారు. ఆ రోజు మావాళ్లలో ఒకాయన, పింఛను పోతుందేమోనని, నేర్చుకున్నదంతా పక్కన పెట్టి కదలకుండా మంచం మీద పడుకున్నాడు. కష్టపడి కూర్చోవడం నేర్చిన మనిషి కూర్చోడానికి భయపడడం నాకు నచ్చలేదు. ఆయన్ని తప్పు పట్టడానికీ నోరు రాలేదు.

ఇక ఫోన్లో వచ్చే వీడియోలు. స్విట్జర్లాండులో గ్రెగ్వార్ కూర్టీన్ బృందం వెన్నులో కరెంటు పలక అమర్చి, నడవలేనివాళ్లతో అడుగులు వేయించిందని 2018లో వార్త. అది నిజమే, ఇంకా ప్రయోగశాల దాటి మా పల్లెదాకా రాలేదు. దాని వెనకే ఒక దూరపు బంధువు వచ్చాడు. మూలకణాల సూది వేస్తారట, రెండెకరాలు అమ్మితే సరిపోతుందట.

"అది వైద్యమా, ప్రయోగమా?" అని అడిగాడు ఆయన.

"ప్రయోగమే, కొత్తది."

"ప్రయోగమైతే నా దగ్గర దుడ్లెందుకు తీసుకుంటారప్పా?"

బంధువు కాఫీ తాగి వెళ్లిపోయాడు. వెన్నుపాము దెబ్బకు మూలకణాలు ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నాయని, వైద్యంగా అమ్మకూడదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో ఉంది.

నాకు నచ్చిన పరిశోధన మరొకటి. కిమ్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త, తనూ మెడ దెబ్బ తిన్నామె, మీకు ఏది ముందు తిరిగి రావాలని వెన్నుదెబ్బ తిన్న 681 మందిని అడిగి 2004లో అచ్చువేసింది. మెడ దెబ్బవాళ్లు ముందుగా చేతులన్నారు. నడుము దెబ్బవాళ్లలో ఎక్కువమంది మొదట చెప్పింది దాంపత్యం. ఎవరి జాబితాలోనూ నడకది మొదటి స్థానం కాదు. మా సమావేశాల్లో దాంపత్యం మాట పైకి ఎవరూ అనరు. సాయంత్రం ఆడవాళ్లు, పెద్దవాళ్లు లేచి వెళ్లాక, ఇద్దరు ముగ్గురు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నప్పుడు నేను విన్నాను.

పోయిన ఏడు ఆయనకు కొత్త కుర్చీ వచ్చింది. ఐఐటీ మద్రాసులో పుట్టిన నియోఫ్లై, ఒంటి కొలతలు పంపితే ఆ కొలతలకే తయారుచేస్తారు. తేలిక, పొందిక. నాకు కాస్త ఈర్ష్య కలిగింది, దాచను. నన్ను జమ్మలమడుగు దగ్గరికి తీసుకెళ్లారు. చింతపండు రాలుస్తూ కొమ్మ విరిగి పడిన ఆడమనిషి. మొగుడు వాళ్లమ్మ ఇంటికి వెళ్లి తిరిగి రాలేదు. తమ్ముడు పది నంబరు స్పానరు తీసి నా పక్క చెక్కలు ఊడదీసి, ఆమె కొలతకు మళ్లీ బిగించాడు. ఆయన పావుగంట లెక్క చెప్పాడు, అద్దం చూపించాడు. పైపు సంగతికి వచ్చేసరికి ఆమె తల తిప్పుకుంది.

"అన్నా, మీలో ఆడోళ్లెవురన్నా ఉండారా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "ప్రొద్దుటూరులో ఒకామె ఉండాది. కలుపుతానుండు." ఫోన్ మోగుతుండగానే ఆమె చేతికిచ్చి, తమ్ముణ్ణి తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నదంతా నేను విన్నాను. మీకు మాత్రం చెప్పను.