టూ ఏబీ కనబడుటలేదు

పేరు: టూ ఏబీ. వయసు: 2,300 ఏళ్ల పైచిలుకు (యూక్లిడ్ తన రెండో పుస్తకం నాలుగో ప్రతిపాదనలో బొమ్మ గీసి మరీ చూపించాడు). ఆనవాళ్లు: ఏ స్క్వేర్‌కీ బీ స్క్వేర్‌కీ మధ్య బుద్ధిగా నిలబడి ఉంటుంది. చివరిసారిగా ఎనిమిదో తరగతి నోటుపుస్తకంలో చూసినవారున్నారు. పదో తరగతి లెక్కల పరీక్ష అయిపోయి పిల్లలు కేంద్రం గేటు దాటినప్పటి నుంచి జాడ లేదు. ఆచూకీ తెలిపినవారికి ఇంటర్మీడియెట్‌లో తగిన మార్కులు ఇవ్వబడును.

వేసవిలో మన పత్రికల్లో ఇలాంటి ప్రకటన ఒక్కటీ పడదు. పడేవన్నీ మొదటి పేజీ నిండా ర్యాంకులు. పోస్టల్ స్టాంపంత ఫొటోలు, మెడలో దండలు, నోట్లో కుక్కిన స్వీట్లు. టీవీ పెడితే ‘ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు’ అంటూ ఊపిరి తీసుకోకుండా అంకెలు చదివే గొంతు. ఏప్రిల్, మే నెలల్లో తెలుగు ఇళ్లలో గట్టిగా వినిపించే గణితం అదొక్కటే.

పదో తరగతి పిల్లాడున్న ఇంటికి ఇంటర్ కాలేజీ పీఆర్వోగారి ఫోను సంక్రాంతికే మొదలవుతుంది. ఆఖరి పరీక్ష రాసిన సాయంత్రానికి ఆయనే స్వయంగా వచ్చి సోఫాలో కూర్చుంటాడు. ‘‘బాబుని వచ్చే సోమవారం పంపించెయ్యండి సార్. బ్రిడ్జి కోర్సు స్టార్టయిపోతోంది. జూన్‌కల్లా ఫస్టియర్ మ్యాథ్స్ సగం కంప్లీట్.’’ పదో తరగతి ఫలితాలు ఇంకా రాలేదు కదా అని తల్లి నసుగుతుంది. ‘‘రిజల్టుదేముందమ్మా, అదే వస్తుంది’’ అంటాడాయన. సెలవుల్లో తరగతులు పెడితే చర్యలు తప్పవని ఇంటర్ బోర్డు హెచ్చరిక జారీ చేయడం మామూలే. అది పేపర్లో అచ్చయిన రోజున బ్రిడ్జి కోర్సులో రెండో స్లిప్ టెస్టు జరుగుతూ ఉంటుంది.

పదో తరగతికీ ఇంటర్‌కీ మధ్య గండి నిజంగానే ఉంది. అవధులు, అవకలనం లాంటివన్నీ మొదటి సంవత్సరంలోనే మీద పడతాయి. అవన్నీ నడిచేది ఎనిమిది, తొమ్మిది తరగతుల బీజగణితం మీద. బ్రాకెట్లు విప్పడం, భిన్నాలు కలపడం, కారణాంకాలు తీయడం, గుర్తు తప్పకుండా పదాన్ని అటునుంచి ఇటు తేవడం. వేసవిలో వీటి దుమ్ము దులిపితే గండి చాలావరకు పూడుతుంది. కానీ ‘మావాడు సెలవుల్లో ఎనిమిదో తరగతి లెక్కలు చేస్తున్నాడు’ అని ఏ తండ్రి చెప్పుకోగలడు? పెళ్లిళ్ల సీజను కూడానాయె. ‘ఇంకా ఇంటర్లో చేరలేదు, అప్పుడే డిఫరెన్షియేషన్ చేసేస్తున్నాడు’ అంటే పంక్తిలో పక్కాయన చెయ్యి ఆగుతుంది.

చేసేస్తున్నాడు, నిజమే. ఎలా చేస్తున్నాడో ఓసారి రఫ్ బుక్కులోకి తొంగి చూడాలి.

ఎక్స్ స్క్వేర్‌కి ప్రథమ సూత్రం నుంచి అవకలజం కనుక్కోమన్నారు. కుర్రాడు ఎక్స్ ప్లస్ హెచ్ హోల్ స్క్వేర్ రాశాడు. అందులోంచి ఎక్స్ స్క్వేర్ తీసేశాడు. మొత్తాన్ని హెచ్‌తో భాగించాడు. ఇంతవరకు ముత్యాల్లాంటి అక్షరాలు. తర్వాతి లైన్లో ఆ హోల్ స్క్వేర్‌ని విప్పి, ఎక్స్ స్క్వేర్ ప్లస్ హెచ్ స్క్వేర్ అన్నాడు. మధ్యలో ఉండాల్సిన టూ ఎక్స్‌హెచ్ గల్లంతు. ఎక్స్ స్క్వేర్లు రెండూ కొట్టుకుపోయాయి. హెచ్ స్క్వేర్ బై హెచ్ అంటే హెచ్. హెచ్ సున్నాకి పోతుంది కాబట్టి జవాబు సున్నా. అంటే పారాబోలా ఎక్కడా ఎక్కదు, దిగదు, విజయవాడ బైపాస్‌లా సాపుగా పోతుందన్నమాట. న్యూటన్, లైబ్నిజ్ కట్టిన కలన గణితమంతా ఒక్క లైనులో కూలిపోయింది.

కుర్రాడు కంగారు పడలేదు. షార్ట్‌కట్ తెలుసు. ‘పవర్ ముందుకొస్తుంది, పవర్లో ఒకటి తగ్గుతుంది’ అని రెండో రోజే కంఠతా పట్టించారు. సున్నా కింద గీత కొట్టి, ‘కాబట్టి, టూ ఎక్స్’ అని రాశాడు. దిద్దేవారు ఆఖరి లైను చూసి టిక్కు పెట్టారు. ఆ టూ ఎక్స్ పుట్టిందే తను పారేసిన టూ ఎక్స్‌హెచ్ నుంచి అన్న సంగతి ఇద్దరికీ పట్టలేదు.

ఇదే తప్పు స్థలం విషయంలో జరిగితే ఊరుకుంటారా? పది గజాల పొడుగు, పది గజాల వెడల్పు ఉన్న ప్లాటు అంటే 100 చదరపు గజాలు. రెండు పక్కలా ఏడు గజాల దగ్గర గీత కొట్టి, మిగిలిన మూడు గజాలు విడదీశారనుకుందాం. ఏడు ఏళ్లు 49, మూడు మూళ్లు 9. మొత్తం 58 గజాలే మీవి అని రిజిస్ట్రారాఫీసులో ఎవరైనా అంటే తండ్రి అక్కడే చొక్కా చేతులు మడిచేవాడు. మిగతా 42 గజాలు, అంటే ఏడుమూళ్ల 21 గజాల ముక్కలు రెండు, ఎవరు మింగారని కోర్టుకెక్కేవాడు. ఆ రెండు ముక్కలే టూ ఏబీ. కొడుకు నోటుపుస్తకంలో రోజూ 42 గజాలు కబ్జా అవుతున్నా ఆయన కంటపడదు. ఆయన చూసేది పై మూలన వేసిన మార్కులు.

మైనస్ సంగతి ఇంకా దారుణం. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులన్నీ మారాలి. కుర్రాళ్లు మొదటి పదానికి మార్చి, రెండోదాన్ని దాని ఖర్మానికి వదిలేస్తారు. ధన రుణ సంఖ్యల నియమాలు బ్రహ్మగుప్తుడు సా.శ. 628లోనే రాసిపెట్టాడు. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం అన్నాడు. కాలేజీ ఫీజుకి ఒక అప్పు, హాస్టల్‌కి ఇంకో అప్పు చేసిన తండ్రులకి ఆ నియమం మీద గట్టి నమ్మకం. రెండు అప్పులూ కలిసి ఎప్పటికైనా ధనమవుతాయని ఆశ. రుణానికి రుణం కలిపితే వచ్చేది రుణమేనని బ్రహ్మగుప్తుడే విడిగా చెప్పాడు. ఆ వాక్యం పీఆర్వోల బ్రోచర్లో ఉండదు.

ఈఏపీసెట్‌లో ఇంజినీరింగ్ పేపరుకి 160 ప్రశ్నలుంటే సగం, అంటే 80, గణితమే. తప్పుకి మార్కు కోత లేదు కాబట్టి అక్కడ మైనస్ మర్చిపోయినా తెలియదు. జేఈఈ మెయిన్‌లో ఒప్పుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి. బ్రాకెట్ ముందు మైనస్ పట్టించుకోని ఇంటిల్లిపాదీ ఈ మైనస్ ఒకటిని మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

భిన్నాల దగ్గరికొస్తే ఫిజిక్స్ కూడా బలి. రెండు ఓములు, మూడు ఓములు ఉన్న రెసిస్టర్లని ప్యారలల్‌గా కలిపారు. సగం, మూడో వంతు కలిపితే ఆరింట ఐదు. తిరగేస్తే ఆరు బై ఐదు, అంటే 1.2 ఓములు. మనవాడు ఒకటి బై రెండు, ఒకటి బై మూడు కలిపి ఒకటి బై ఐదు అంటాడు. తిరగేసి ఐదు ఓములు అంటాడు. ఐదు వచ్చేది సిరీస్‌లో పెడితే. ప్యారలల్‌గా ఉన్న తీగల్ని ముట్టుకోకుండానే సిరీస్‌లోకి మార్చేశాడన్నమాట. ప్రశ్న తయారుచేసేవాళ్లకి ఈ అలవాటు బాగా తెలుసు కాబట్టి ఆప్షన్లలో ఐదుకీ ఒక చోటిస్తారు. తన జవాబు అక్కడ కనిపించగానే కుర్రాడి ముఖం వెలిగిపోతుంది.

ఇది ఒక్క ఇంటి భాగోతం అనుకోవడానికి లేదు. 2023 అసర్ (వార్షిక విద్యాస్థితి) నివేదిక 26 రాష్ట్రాల గ్రామాల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని చూసింది. మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 43 శాతం. తెలంగాణలో 2024లో పదో తరగతి పాసైనవాళ్లు 91.31 శాతం. ఆ తర్వాతి ఏడాది ఇంటర్ మొదటి సంవత్సరం గట్టెక్కినవాళ్లు 66.89 శాతం. ఇందులో అన్ని గ్రూపులవాళ్లూ ఉన్నారు, నేరమంతా గణితం మీదికి నెట్టలేం. అయినా నూటికి పాతికమంది దాకా ఒక్క ఏడాదిలో ఎలా జారిపోయారో ఎవరూ ఆగి అడగలేదు. ఆ వేసవిలో అందరూ లిమిట్స్‌తో బిజీ.

మెల్లగా మొదలుపెట్టడం ఈ గడ్డకి కొత్తేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన ‘గణితసార సంగ్రహం’లో ముందు మామూలు గుణకారాలు, భాగహారాలు వగైరా. ఆ వెంటనే భిన్నాలు. భిన్నాలకే వరసగా రెండు అధ్యాయాలు. అవి దాటాకే త్రైరాశికమైనా, క్షేత్రగణితమైనా. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యంలోకి తెచ్చాడు. ఇవాళైతే ఆ పుస్తకం మేనేజ్‌మెంట్ రివ్యూలో నిలవదు. ‘రెండు నెలలైంది, ఇంకా భిన్నాల్లోనే ఉన్నారా మల్లనగారూ? సూపర్ బ్యాచ్ ఎక్కడికో వెళ్లిపోయింది’ అని కాలేజీ ఏజీఎం నిలదీసేవాడు. మల్లనని తీసుకెళ్లి కింది సెక్షన్‌లో స్టడీ అవర్‌కి కూర్చోబెట్టేవారు.

సెలవుల్లో లెక్కలు మర్చిపోవడం మీద బయట చాలా పరిశోధనే జరిగింది. అమెరికాలో 39 అధ్యయనాల్ని సమీక్షించిన హారిస్ కూపర్ బృందం 1996లో తేల్చిందేమంటే, వేసవి అయ్యేసరికి పిల్లలు సగటున ఒక నెల చదువు వెనక్కి పోతున్నారు. చదవడంలో కంటే లెక్కల్లో నష్టం ఎక్కువ. హ్యారీ బారిక్, లిండా హాల్ 1991లో అచ్చువేసిన అధ్యయనం ఇంకా ముచ్చటైనది. హైస్కూల్లో ఆల్జీబ్రా చదివిన వెయ్యిమందికి పైగా పెద్దవాళ్లని పరీక్షించారు. ఆ తర్వాత కలన గణితం, దాన్ని దాటిన కోర్సులు చదివినవాళ్లకి యాభై ఏళ్లయినా ఆల్జీబ్రా చాలావరకు నిలిచింది. అప్పట్లో అంతే బాగా మార్కులు తెచ్చుకుని గణితం మానేసినవాళ్లు, గుడ్డిగా టిక్కులు పెట్టేవాళ్ల స్థాయికి దిగిపోయారు. అంటే పై కోర్సే కింది పాఠాన్ని కాపాడుతుంది, అందులో పదేపదే వాడతాం కాబట్టి. పీఆర్వోగారు వింటే ‘నేను చెప్పింది అదే కదా సార్’ అంటాడు. వాడడానికి ముందు అది చేతిలో ఉండాలన్న సంగతి ఆయన బ్రోచర్లో చుక్క గుర్తు కింద కూడా దొరకదు.

ఎలా చేయాలో కూడా తేలింది. రోరర్, టేలర్ అనే ఇద్దరు 2007లో ఒక చిన్న ప్రయోగాన్ని ప్రచురించారు. ఒకే రకం లెక్కలు వరసగా చేసినవాళ్లకి సాధనలో తప్పులు తక్కువ. రకరకాల లెక్కలు కలగాపులగంగా చేసినవాళ్లకి అప్పటికి తప్పులెక్కువ, వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం వాళ్లదే పైచేయి. కాబట్టి వేసవి పని చిన్నదే. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉచితంగానే దొరుకుతాయి. రోజూ అరగంట. సర్వసమీకరణం ఒకటి, భిన్నం ఒకటి, ఘాతాంకం ఒకటి, గుర్తుల లెక్క ఒకటి కలిపి ఓ ఎనిమిది. వెనక జవాబు ముందే చూడకూడదు. తప్పిన లెక్క ఏ లైన్లో తప్పిందో ఎర్ర పెన్నుతో చుట్టి, రెండ్రోజులాగి మళ్లీ చేయాలి. జవాబు నిజమో కాదో అంకెలు పెట్టి చూసుకోవచ్చు. ఏకి ఏడు, బీకి మూడు పెడితే టూ ఏబీ ఉందో లేదో నిమిషంలో బయటపడుతుంది.

ఈ పద్ధతిలో ఉన్న లోపం ఒకటే. ఫీజు లేదు. ఫీజు లేనిదాన్ని నమ్మే తండ్రి ఇంకా పుట్టలేదు.

అలాంటి ఒక ఇంట్లో మే నెల మధ్యాహ్నం బ్రిడ్జి కోర్సు కుర్రాడు హోంవర్కు ముందేసుకుని జుట్టు పీక్కుంటున్నాడు. ఎనిమిది పాసై తొమ్మిదిలోకి వెళ్లబోతున్న చెల్లెలు ఓ పక్క మామిడికాయ ముక్క కొరుకుతూ వాడి భుజం మీదుగా చూసింది. ‘‘అన్నయ్యా, మధ్యలో టూ ఏబీ ఏదిరా?’’ అంది. వాడు కసిరాడు. అది లోపలికెళ్లి తన పాత పుస్తకం తెచ్చి, చతురస్రాన్ని నాలుగు ముక్కలు చేసిన బొమ్మ వాడి ముందు పడేసింది. పావుగంటలో హోంవర్కులో నాలుగు లెక్కలు దారికొచ్చాయి. తండ్రి ముచ్చటపడి, ‘‘రోజూ అన్నయ్యకి కాసేపు చెప్పమ్మా’’ అన్నాడు.

రెండో టర్ము ఫీజు కోసం వచ్చిన పీఆర్వోగారు గుమ్మంలోంచే ఇదంతా చూశారు. మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, పాప చేతిలో పుస్తకం కేసి జాలిగా చూశారు.

‘‘తొమ్మిదిలోకి వచ్చేస్తోంది కదా సార్, ఇంకా ఎనిమిదో తరగతి పుస్తకమేంటి? మా ఫౌండేషన్‌లో వేసి ఉంటే ఈపాటికి లిమిట్స్ అయిపోయేవి. అన్నాచెల్లెళ్లకి టెన్ పర్సెంట్ కన్సెషన్ కూడా ఉంది. అప్లికేషన్ తెచ్చాను, సంతకం పెట్టేస్తారా?’’