మెడకో డోలు, జేబుకో సింథ్

కొరియర్ ఆఫీసు నుంచి ఫోను. "సార్, మీకు ఫారిన్ నుంచి పార్సిల్ వచ్చింది. లోపలున్నది ఆటవస్తువా, సంగీత వాయిద్యమా? ఏదో ఒకటి చెబితే ఫారం నింపేస్తాం."

నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. లోపలున్నది అరచేతిలో ఇమిడే సర్క్యూట్ బోర్డు. పైన కాలిక్యులేటర్ లాంటి తెర, కింద పదహారు బటన్లు, వెనక రెండు సన్న బ్యాటరీలు. తొడుగు లేదు. ఎండాకాలం అరుగు మీద చొక్కా విప్పి కూర్చున్న తాతయ్యలా ఎముకలన్నీ బయటికే కనిపిస్తుంటాయి. చొక్కా కావాలంటే విడిగా డబ్బిచ్చి కొనుక్కోవాలి.

"వాయిద్యమే" అన్నాను, గొంతు సవరించుకుని.

"మీరు వాయిస్తారా సార్?"

"వాయించడం కాదు బాబూ. పాటలు కడతాను."

"ఎన్ని కట్టారు సార్?"

ఫారంలో అలాంటి గడి ఉండదని నాకు తెలుసు. కుర్రాడు ఊరికే అడిగాడు. ఊరికే ఓ అంకె చెప్పి తప్పుకోవచ్చు కదా, నోరు రాలేదు. "ఆటవస్తువని రాసుకో" అని ఫోను పెట్టేశాను.

ఇది నా ఒక్కడి రోగమైతే దాచుకునేవాణ్ణి. చేతిలో పట్టుకునే ఆటపెట్టెలు, చేతిలో పట్టుకునే సింథసైజర్లు కొనే మా కులమంతటికీ ఇదే జబ్బు. ఒక్కొక్కడి దగ్గర ఐదారు యంత్రాలుంటాయి. పాట ఉండదు. ఉండేది ఒక బిట్టు. గానుగెద్దులా అదే చోట తిరుగుతూ ఉంటుంది. దాన్ని పల్లవి అని కూడా అనలేం. సినిమాలో హీరో బైకు దిగి కళ్లజోడు తీసేటప్పుడు వినిపించే ముక్క అది. చరణం దాకా నడిచినవాడు మాలో అరుదు. ఆల్బమ్ అట్ట బొమ్మ మాత్రం రెడీ, స్టేజీ మీద పిలిపించుకోవాల్సిన పేరూ రెడీ. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మా కులంలో సోమలింగాలు కోకొల్లలు.

ముందు ఆ "పోర్టబుల్" అనే మాట సంగతి తేల్చాలి. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ బరువు దాదాపు 670 గ్రాములు, పొడవు అడుగుకి ఓ పిసరు తక్కువ. ఏ జేబుకి కుట్టారో తెలియదు. నాకు తెలిసిన జేబుల్లో దానికి సరిపోయేది పాతకాలపు వడ్డీ వ్యాపారి లాల్చీ పక్క జేబొక్కటే. దానికో గట్టి పెట్టె, పెట్టెతో పాటు ఛార్జరు, ఛార్జరుకి దిక్కులేని చోట పవర్ బ్యాంకు, వీటన్నిటికీ వీపున ఓ సంచి. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నారు పెద్దలు. ఎలుకకైనా ఒక్క డోలే.

సంగీతం పెట్టెల ప్రకటనలు మరీ ఘోరం. చెక్కబల్ల, కాఫీ కప్పు, పక్కన చిన్న మొక్క, మధ్యలో యంత్రం. లేదంటే కొండ చివర కాళ్లు వేలాడేసుకుని కూర్చుని బటన్లు నొక్కుతున్న గడ్డం యువకుడు. మేం ఆ యువకుణ్ణి చూసే కొంటాం. కొన్నాక వాయించేది ఇంట్లో, మంచం మీద, దుప్పటి కింద, గోడ ప్లగ్గుకి తీగతో కట్టేసి. పలుపుతాడుతో కట్టేసిన గేదె కూడా అంతకన్నా ఎక్కువ దూరం తిరుగుతుంది. అర్ధరాత్రి నా గదిలో వెలుగు చూసి మా అమ్మ తలుపు దగ్గర నిలబడి అడుగుతుంది: "ఏరా, ఇంకా లెక్కలు తేలలేదా?" చేతిలో ఉన్నది కాలిక్యులేటర్ అనుకుంటుందావిడ.

ఆవిడ అనుకున్నదాంట్లో తప్పేం లేదు. ఈ వంశానికి మూలపురుషుడు కాలిక్యులేటరే. గున్‌పే యొకోయ్ 1965లో నింటెండోలో చేరినప్పుడు ఆయన పని పేకముక్కలు తయారుచేసే యంత్రాల మరమ్మతు. రైల్లో ఎవరో ఉద్యోగి విసుగెత్తి కాలిక్యులేటర్ బటన్లు నొక్కుకుంటూ కూర్చోవడం చూసి ఆయనకి జేబులో పట్టే ఆట ఆలోచన వచ్చిందంటారు. 1980లో గేమ్ అండ్ వాచ్ అలా పుట్టింది. పాతబడి చవకైపోయిన, లోటుపాట్లన్నీ తెలిసిపోయిన సరుకు తీసుకుని దాంతోనే కొత్త పని చేయించాలన్నది ఆయన పట్టు. 1989లో గేమ్‌బాయ్ తెచ్చినప్పుడు దాని తెర మీద రంగుల్లేవు, నాచు పట్టిన చెరువులా నాలుగు ఛాయలు. వెనక నుంచి వెలుగూ లేదు. ఆ మరుసటి ఏడు పోటీగా దిగిన సెగా గేమ్ గేర్‌కి రంగులున్నాయి, వెలుగుంది, ఆరు బ్యాటరీల ఆకలీ ఉంది. నాలుగైదు గంటలకే పళ్లెం ఖాళీ. గేమ్‌బాయ్ నాలుగు బ్యాటరీలు మింగి పది గంటలు దాటినా కూర్చునేది. ఎవరు గెలిచారో ఇప్పుడు చెప్పనక్కర్లేదు.

సంగీతం కట్టేవాళ్లు ఆ పెట్టె మీద పడటం తర్వాతి కథ. 1998లో జర్మనీలో ఆలివర్ విట్‌షో అనే ఆర్ట్ విద్యార్థి నానోలూప్ రాశాడు. 2000లో స్వీడన్ నుంచి యోహాన్ కోట్లిన్‌స్కీ లిటిల్ సౌండ్ డీజే తెచ్చాడు. ఆటల క్యాసెట్టు పెట్టే చోట ఈ ప్రోగ్రాం పెడితే పిల్లల ఆటపెట్టె సంగీతపెట్టె అవుతుంది. మీటలు లేవు, తీగలు లేవు. తెర నిండా అంకెలు, అక్షరాలు, కరణం గారి చిట్టాలాగ. గొంతులు నాలుగే. రెండు చదరపు అలలు, ఒకటి మనం గీసుకునే అల, నాలుగోది ఉత్త రొద. ఆ రొదని ముక్కలుగా కోస్తే డ్రమ్ములవుతాయి. కోయకుండా వదిలేస్తే రేకుల షెడ్డు మీద వాన.

ఒక గొంతు ఒకసారి ఒక్క స్వరమే పలుకుతుంది. మరి మూడు స్వరాల కార్డు ఎలా? ఇక్కడే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. స్వరం పక్కన సీ 47 అని కొడతాం. యంత్రం ఆధార స్వరం, దానికి నాలుగు మెట్ల పైది, ఏడు మెట్ల పైది వరసగా, రెప్ప వేసేలోపు మళ్లీ మళ్లీ పలుకుతుంది. మూడు కుండలు గాల్లో ఆడించే గారడీవాడిలా ఏదీ కింద పడనివ్వదు. చెవి మోసపోయి మూడూ ఒకేసారి మోగాయనుకుంటుంది. 47 కొడితే పెళ్లి పందిరి. 37 కొడితే అదే పందిరి కింద అప్పగింతలు. ఏడుపు ఏడులో లేదు, మూడులో ఉంది. ఈ ముక్క నాకు ఏ సంగీతం మాస్టారూ చెప్పలేదు, 160 చుక్కల వెడల్పున్న ఆ తెర చెప్పింది.

నాలుగు గొంతులే కనక వాళ్లు పాటలు ముగించారు. ఐదో గొంతు కోసం దేవులాడే అవకాశం లేదు. 2006లో న్యూయార్క్‌లో బ్లిప్ ఫెస్టివల్ మొదలయ్యేనాటికి ఈ పెట్టెలు పట్టుకుని స్టేజీ ఎక్కి జనాన్ని గెంతించేవాళ్లు తయారయ్యారు.

తర్వాత మేం వచ్చాం.

మాలో ఒక తెగ ఉంది. 1989 నాటి బూడిదరంగు పెట్టెలో బాస్ బాగుంటుంది, తర్వాత వచ్చిన వాటిలో ఆ దమ్ము లేదు అని రాత్రి తెల్లవార్లూ వాదిస్తారు. మాట నిజమే. అందుకని పాత పెట్టె వెతికి కొంటారు. కొన్నాక వెనక వెలుగు పెట్టిస్తారు, పైతొడుగు పారదర్శకంగా మారుస్తారు, రొద తగ్గాలని వాల్యూమ్ తిప్పే చోటి నుంచి కొత్త తీగ లాగి వేరే జాక్ బిగిస్తారు. ఇంత చేశాక ఆ శుద్ధమైన శబ్దంతో ఏం వాయిస్తారని అడిగితే, "ముందు సెటప్ పూర్తి కానివ్వండి" అంటారు. చెయ్యి తిరిగిన వడ్రంగులు. మండపం కట్టారు, మేకులు కొట్టారు, కచేరీ తేదీ మాత్రం వేయలేదు.

ఇంకో సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. మేం కార్చే ఈ జ్ఞాపకాల కన్నీళ్లు కూడా మావి కావు. మా ఊళ్లో గేమ్‌బాయ్ మొహం ఎవడు చూశాడు? మాకు తెలిసింది తిరణాల్లో దొరికే బ్రిక్ గేమ్. డబ్బా మీద "9999 ఆటలు" అని ఉండేది. లోపల నికరంగా పదో పన్నెండో ఆటలు, మిగతావన్నీ అవే, వేగం మార్చి. ఇటుకలు పడుతుంటే కీచుమనే ఒకే ఒక్క శబ్దం. మా నాన్నగారికి ఆ శబ్దం పడేది కాదు, బ్యాటరీలు పీకి రేడియోలో వేసుకునేవారు. ఇదీ మా బాల్యం. ఇప్పుడు నలభై దాటాక జపాన్ పిల్లల, అమెరికా పిల్లల బాల్యం అద్దెకి తెచ్చుకుని "ఆహా, ఆ రోజులే వేరు" అంటున్నాం. ఎవరి రోజులు నాయనా?

అద్దె బాల్యం కూడా గంపగుత్తగానే వస్తోంది. పదివేల పాత ఆటలు నింపిన కార్డుతో చేతి పెట్టెలు దొరుకుతున్నాయి. నా దగ్గరా ఒకటుంది. ఆన్ చేస్తే జాబితా. జాబితా కిందికి జరుపుతాం. పావుగంట జరుపుతాం, అరగంట జరుపుతాం. పెళ్లిభోజనంలో ఏది ముందు తినాలో తేలక విస్తరి చూస్తూ కూర్చున్నవాడికి కాసేపటికి పైవరస వాళ్లు లేవడం మొదలవుతుంది. బ్యాటరీ కూడా అలాగే లేస్తుంది. డబ్బా మీద 9999 అని అబద్ధం రాసినవాడే నయం. పదీ పన్నెండు ఆటలు కాబట్టి ఆడేవాళ్లం.

ఇప్పుడు ఓ వెండిరంగు పెట్టె కథ. 1981లో రోలాండ్ కంపెనీ టీబీ-303 తెచ్చింది. ఒంటరిగా గిటారు సాధన చేసుకునేవాడికి పక్కన బాస్ వాయించిపెట్టాలని దాని ఉద్దేశం. అది బాస్ గిటారులా మోగితే ఒట్టు. కప్పకి జలుబు చేసినట్టు మోగేది. కొనేవాడు లేక 1984కల్లా ఆపేశారు. సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో చవగ్గా పడి ఉన్న ఆ పెట్టెని షికాగో కుర్రాళ్లు తెచ్చి, పలుకుతుండగానే దాని పిడులు అటూ ఇటూ తిప్పారు. కప్ప కాస్తా తాచుపాములా బుసలు కొట్టింది. 1987లో ఫ్యూచర్ బృందం యాసిడ్ ట్రాక్స్ వచ్చింది, దాంతో యాసిడ్ హౌస్ అనే సంగీతమే బయల్దేరింది.

దీనికి ఐదేళ్ల ముందే, 1982లో, బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు అదే పెట్టెని, దాంతో పాటు టీఆర్-808 డ్రమ్ యంత్రాన్ని, జూపిటర్-8 కీబోర్డుని దగ్గర పెట్టుకుని పది రాగాలు డిస్కో తాళంలో వాయించి రికార్డు చేశాడు. భూపాలి ఉంది, అంటే మన మోహనం. మాల్కౌన్స్ ఉంది, మన హిందోళం. ఆ పెట్టెలో స్వరం నుంచి స్వరానికి జారే గుణం ఉంది. షికాగోలో అది మత్తులా వినిపించింది. బొంబాయిలో ఆయనకి మీండ్ దొరికింది. రికార్డు అమ్ముడుపోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం నోరు తెరిచి విన్నది. ఆయన చేతిలో ఉన్నది ఎవరికీ అక్కర్లేని యంత్రం. దాని లోపం గురించి రాత్రంతా వాదించకుండా దాంతో రాగం వాయించాడు. మా తెగ వాడికైతే ముందు ఆ యంత్రానికి సరిపడే సంచి కావాలి.

ఆడలేక మద్దెల ఓడన్నది మన సామెత. పాపం ఆ సామెత పుట్టిన రోజుల్లో మద్దెల కంపెనీలు లేవు. ఉంటే "అవునమ్మా, మద్దెల ఓడే, కొత్త మద్దెల ఇదిగో" అని కిస్తీల మీద ఇచ్చేవి. 2015లో స్వీడన్‌కి చెందిన టీనేజ్ ఇంజనీరింగ్ మొదటి పాకెట్ ఆపరేటర్లు అమ్మింది, 59 డాలర్లకి. కాలిక్యులేటర్ వంశాంకురం, చొక్కా లేని తాతయ్య. న్యాయమైన బేరం. అదే కంపెనీ 2022లో ఓపీ-1 ఫీల్డ్ తెచ్చింది, 1999 డాలర్లు. అందంగా ఉంటుంది, కాదనను. ఆ ఏడే పానిక్ అనే సంస్థ ప్లేడేట్ అనే ఆటపెట్టె తెచ్చింది, దాని రూపకల్పనలోనూ ఈ స్వీడన్ వాళ్ల చెయ్యి ఉంది. తెర నలుపూ తెలుపే, పక్కన చెరకు రసం బండికున్నట్టు తిప్పే పిడి. యొకోయ్ చవకగా ఉంటుందని రంగు మానేశాడు. ఇప్పుడు రంగు లేకపోవడమే రంగు.

కంపెనీలని తిట్టి ప్రయోజనం లేదు. వాళ్లు అమ్ముతున్నది పెట్టెలు కాదని మాకూ తెలుసు. రేపటి నుంచి నేను సంగీతం కడతాను అన్న నమ్మకం అమ్ముతున్నారు. పార్సిల్ విప్పేదాకా అది పనిచేస్తుంది. విప్పాక ఇంకో పార్సిల్ కావాలి.

నా లెక్కలు చెప్పేస్తాను, అమ్మ అడుగుతూనే ఉంది కాబట్టి. యంత్రాలు ఏడు. అసంపూర్తి బిట్లు 214. పూర్తయిన పాట ఒకటి, నిమిషం నలభై సెకన్లు. పాత గేమ్‌బాయ్ మీద, కరెంటు పోయిన రాత్రి కట్టాను. వెనక వెలుగు లేని తెర, కొవ్వొత్తి పెట్టుకుని చూశాను. బ్యాటరీ అయిపోతుంటే పక్కనున్న ఎర్రదీపం సన్నగిల్లుతూ వచ్చింది, అది ఆరేలోపు ముగించాలని చరణం కూడా రాసేశాను. 37తో మొదలై 47 మీద ఆగుతుంది. తర్వాత ఆ క్యాసెట్టులో ఉండే నాణెం బ్యాటరీ చచ్చిపోయి పాట చెరిగిపోయింది. ఫోన్లో రికార్డు చేసుకున్నాను కాబట్టి నమ్మకం లేనివాళ్లకి వినిపించగలను.

మిగతా ఆరు యంత్రాలూ అమ్మకానికి ఉన్నాయి. డబ్బాలతో సహా ఇస్తాను, ఛార్జర్లున్నాయి, ఒకదానికి చొక్కా కూడా కొన్నాను. బేరం ఆడుకోవచ్చు. వచ్చిన డబ్బుతో ఏం కొనబోతున్నావని మాత్రం అడక్కండి.