మిరపకాయ పుట్టింటికి

డాలస్‌లో ఉండే మనవాళ్లకి వరసగా నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, కాన్‌కూన్‌కి విమానం ఎక్కేస్తారు. మా బాబాయి కొడుకూ అంతే. ఈ వేసవిలో అమెరికా వచ్చే అమ్మానాన్నల్ని కూడా మెక్సికో తిప్పుతానని ఫోన్లో చెప్పాడు. పెదకాకాని కల్లంలో కాయలు ఎండబోయిస్తున్న బాబాయి ఫోను పెట్టేసి నన్ను కేకేశాడు.

"ఏరా అబ్బాయ్, మెక్సికోలో ఏముంటయ్యిరా?"

"మిరపకాయలు బాబాయ్."

"అయితే ఇక్కడే ఉంటా."

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఆ కల్లంలో నిలబడి చుట్టూ చూస్తే మెక్సికో తప్ప ఇంకేం కనపడదు. మిరప అక్కడిది. పురుగుని మళ్లించడానికి చేలో అక్కడక్కడా వేసే బంతీ అక్కడిదే. గట్టు వెంట వేసే మొక్కజొన్నా, పక్క చేలో పత్తీ ఆ దేశం నుంచి వచ్చినవే. ఆడకూలీలు కింద కూచుని తాలుకాయలు ఏరుతున్న సీమచింత చెట్టు పుట్టిందీ అటువైపే. కంచెలో పెరిగే నాగజెముడునైతే వాళ్లు జాతీయ జెండా మీదకే ఎక్కించారు. దాని మీద గద్ద కూచుని పాముని తింటూ ఉంటుంది. అంతటితో ఆగక ఆ మట్టలకి ముళ్లు గీకేసి కూర కూడా వండుకుంటారు. ఈ సంగతి చెబితే పిన్ని, "పాపం, వంకాయలు దొరకవేమో" అంది.

బాబాయికి మాత్రం నా మాట మింగుడు పడలేదు. మిరపకాయని దేవుడు గుంటూరు యార్డులో టిక్కీలకెత్తి పంపాడని ఆయన గట్టి నమ్మకం. పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చేదాకా, అంటే అయిదొందల ఏళ్ల కిందటి వరకు, మనకున్న ఘాటల్లా మిరియాలదేనన్నాను. పల్నాటి జొన్నకూడు తినలేక చాటువులు చెప్పిన శ్రీనాథుడు గొడ్డుకారం రుచి చూడకుండానే పోయాడన్నాను. "అందుకే తినలేకపోయాడు" అని తేల్చేశాడు బాబాయి.

ఘాటు లెక్క ఇంకో గొడవ. ఘాటు కొలిచే స్కోవిల్ లెక్కలో గుంటూరు సన్నం 35 నుంచి 40 వేలు ఉంటుంది. మెక్సికోవాళ్లు పేరు గొప్పగా చెప్పుకునే హలపేన్యో 8 వేలు దాటదు. ఇంతవరకు విని బాబాయి మీసం దువ్వాడు. కానీ కాన్‌కూన్ ఉన్న యుకతాన్ వైపు హబనేరో అని ఒకటుంది, బుడ్డ లాంతరు ఆకారంలో, చూడ్డానికి అమాయకంగా. అది లక్ష దాటుతుంది. హోటల్లో చిన్న గిన్నెలో పచ్చడి చేసి పెడతారు. గుంటూరువాళ్లమన్న ధీమాతో దాని జోలికి వెళ్లకండి.

అసలు చూడాల్సినవి రిసార్టు బయటే ఉన్నాయి. యుకతాన్‌లో నేల మీద నదులు దాదాపు లేవు. నీళ్లన్నీ సున్నపురాతి కింద పారతాయి. పైకప్పు కూలినచోట మన దిగుడుబావుల్లా గుంతలు పడతాయి, వాటిని సెనోటేలంటారు. దిగి ఈదొచ్చు. కొండలు కావాలంటే చిహువావా నుంచి లోస్ మోచిస్ దాకా రాగి లోయ రైలు ఉంది. 650 కిలోమీటర్ల దారి, 86 సొరంగాలు, 37 వంతెనలు. మిచోవకాన్ అడవుల్లో నవంబరు నుంచి మార్చి దాకా మోనార్క్ సీతాకోకచిలుకలు కొమ్మలు వంగేంతగా వాలి ఉంటాయి.

బాబాయి వీటిలో దేనికీ లొంగలేదు. లొంగింది నవంబరు 1, 2 తేదీల్లో జరిగే వాళ్ల పెద్దల పండక్కి. ఇంట్లో పోయినవాళ్ల ఫోటో పెట్టి, వాళ్లకిష్టమైన వంటలు, సీసా, సిగరెట్లు ముందుంచి, దారి తప్పకుండా ఇంటికి రావాలని బంతిరేకులు పరుస్తారు. శ్మశానంలో రాత్రంతా కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. యునెస్కో కూడా 2008లో ఈ పండగని తన జాబితాలో చేర్చింది.

"మేము సంక్రాంతికి మా నాయనకి చుట్టలూ కొత్త పంచా పెట్టట్లా? మనల్నెందుకు చేర్చలేదు?" అన్నాడు బాబాయి. నా దగ్గర జవాబు లేదు. అయితే ప్రయాణం మాత్రం ఖాయమైంది.

పిన్నికి వేరే ఆశ చూపించాను. 1565 నుంచి 1815 దాకా మనీలా, అకపుల్కో మధ్య స్పెయిన్ ఓడలు తిరిగాయి. ఆసియా మామిడి వాటిలోనే అక్కడికి చేరింది. ఇప్పుడు అక్కడ వీధి బళ్ల మీద మామిడి ముక్కలకి నిమ్మరసం పిండి, ఉప్పూకారం చల్లి అమ్ముతారు. చింతపండుకి కారం కలిపి మిఠాయే చేస్తారు. పెదకాకాని గుడి ముందు మనం కొత్త బండి చక్రాల కింద తొక్కించే నిమ్మకాయని వాళ్లు కనపడ్డ ప్రతి తిండి మీదా పిండుతారు. పొదుపరులు.

డాలస్ పిల్లలకి ఒక మాట. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మన పాస్‌పోర్టుకి మెక్సికో వీసా అక్కర్లేదు. అమ్మానాన్నల్ని కాన్‌కూన్ ఇసకలో గొడుగు కింద కూచోబెట్టి ఫోటోలు తియ్యకండి. నవంబరు మొదటివారంలో ఆ పెద్దల పండగ చూపించడానికి ఒవహాకా తీసుకెళ్లండి. కోతలు మొదలయ్యేలోపు మాత్రం ఊరికి పంపెయ్యండి, ఇక్కడ కూలీలు దొరకడం లేదు.