నేరం నా ఒక్కదానిదేనా? ఒక జన్యువు ఆత్మకథ

నా పేరు కేరాస్. మనిషి 12వ క్రోమోజోము పొట్టి భుజం మీద నా కాపురం. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటిగా ప్రతి మనిషికీ నా ప్రతులు రెండొస్తాయి. ఈ కథ చెబుతున్నది ఒక పెద్దమనిషి ఊపిరితిత్తుల కణంలో ఉన్న ప్రతి. క్యాన్సర్ అనగానే నన్ను వేలెత్తి చూపిస్తారు. నా వాటా నేను ఒప్పుకుంటాను. మొత్తం నేనే చేశానంటే మాత్రం ఒప్పుకోను.

ముందు నా ఉద్యోగం చెబుతాను. పెరగమని బయటి నుంచి కబురు రాగానే, నేను తయారుచేసిన ప్రోటీను జీటీపీ అనే అణువును పట్టుకుని ఆ కబురును కణం లోపలికి పంపుతుంది. పనయ్యాక జీటీపీని జీడీపీగా విరిచి ఊరుకుంటుంది. పొలంలో మోటారు స్టార్టరు అనుకోండి. పచ్చ బటన్ ఎంత ముఖ్యమో ఎర్ర బటనూ అంతే. నా ప్రోటీనులో 12వ స్థానంలో ఉన్న గ్లైసిన్ అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నది. అక్కడ అంతకంటే పెద్దది దూరితే సాధారణంగా ఎర్ర బటన్ పనిచెయ్యదు.

మా పెద్దమనిషికి సిగరెట్ అలవాటు. ఆ పొగలో బెంజోపైరీన్ అనే రసాయనం వచ్చింది. దాని చరిత్ర పాతదే. పొగగొట్టాలు శుభ్రంచేసేవాళ్లకు వృషణాల తిత్తి మీద వచ్చే క్యాన్సర్‌కు మసే కారణమని 1775లోనే లండన్ సర్జన్ పెర్సివాల్ పాట్ రాశాడు. 1915లో జపాన్‌లో యమగివా, ఇచికావా కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి క్యాన్సర్ పుట్టించారు. 1930లలో లండన్ శాస్త్రవేత్తలు ఆ తారులోంచే బెంజోపైరీన్‌ను వేరుచేశారు.

చిత్రమేమిటంటే, లోపలికి వచ్చినప్పుడు దానికి నన్ను ముట్టుకునే శక్తి లేదు. దాన్ని నీళ్లలో కరిగేలా చేసి బయటికి పంపుదామని మా కణంలోని ఎంజైములే ఆక్సిజన్ తగిలించాయి. ఆ మంచిపనిలోనే అది డయోల్ ఎపాక్సైడ్ అనే రూపంలోకి మారి, నా అక్షరాల్లో ఒకటైన గ్వానిన్‌కు, అంటే జీకి, అతుక్కుంది. మరమ్మతు ఎంజైములు అలాంటివాటిని కత్తిరించి పారేస్తూనే ఉంటాయి. ఈసారి అవి వచ్చేలోపే కణం విభజన మొదలైంది. నకలు తీసే ఎంజైము తడబడింది. జీ ఉండాల్సిన చోట చివరికి టీ అనే మరో అక్షరం చేరింది. జీజీటీ కాస్తా టీజీటీ, గ్లైసిన్ కాస్తా సిస్టీన్ అయ్యాయి. ఎర్ర బటన్ పోయింది.

అంతటితో క్యాన్సర్ వచ్చేసిందా? లేదు. నేను అదేపనిగా పెరగమంటుంటే పీ53 అనే జన్యువు అనుమానించి, కణాన్ని శాశ్వతంగా విభజన మానేసే ముసలితనంలోకి నెట్టగలదు. అయితే ఆ పొగ దాన్నీ వదల్లేదు. బెంజోపైరీన్ పీ53లో ఎక్కువగా అతుక్కునే చోట్లూ, ఊపిరితిత్తి క్యాన్సర్లలో ఆ జన్యువు ఎక్కువగా చెడే చోట్లూ ఒకటేనని 1996లో తేలింది.

నా ఒక్కదానివల్ల కాదనడానికి ప్రయోగశాల సాక్ష్యాలూ ఉన్నాయి. 1983లో శాస్త్రవేత్త వైన్‌బర్గ్ బృందం ఎలుక పిండ కణాల్లోకి మా కుటుంబానికే చెందిన, చెడిన రాస్ జన్యువును ఒంటరిగా పంపితే చాలలేదు. మిక్ అనే మరో జన్యువు తోడయ్యాకే అవి క్యాన్సర్ కణాలయ్యాయి. 1986లో రిమ్ అనే శాస్త్రవేత్త బృందం మనిషి చర్మ కణాలతో చూసింది. మామూలు కణాలకు క్యాన్సర్ రసాయనాలు పెడితే ఏమీ కాలేదు. అడినోవైరస్, ఎస్‌వీ40 జన్యువులతో చావులేనివిగా మారిన కణాలకు అవే రసాయనాలు పెట్టాక, ఎలుకల్లో క్యాన్సర్ గడ్డలు లేచాయి. ఈ ప్రయోగాల్లో జన్యువైనా, రసాయనమైనా ఒంటరిగా చాలలేదు, తోడు కావాల్సివచ్చింది.

ఇప్పుడు నాకూ మందొచ్చింది. సరిగ్గా ఆ సిస్టీన్‌నే పట్టుకుని నన్ను ఆపే సోటోరాసిబ్‌ను 2021లో అమెరికా అనుమతించింది. కానీ కొంతకాలానికి క్యాన్సర్ దాన్నీ తప్పించుకునే దారి వెతుక్కుంటోంది.

అందుకే పాఠకులారా, నా మాట వినండి. నన్ను ఒంట్లోంచి తీసెయ్యలేరు, తీసేస్తే మీరు బతకరు. నా తోడుదొంగను మాత్రం గుమ్మంలోనే ఆపగలరు. సిగరెట్టూ, బీడీ, చుట్టా, శ్రీకాకుళం తీరంలో నిప్పుకొస నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగా, అన్నీ ఆ దొంగ వచ్చే దారులే. ఈరోజే మూసెయ్యండి.